మూడున్నరేండ్ల చూలు

మానవస్త్రీ గర్భమును 9 మాసములు మోయును. ఆవునకును ఇంచుమించుగా నంతే. గాడిదకు ఒక సంవత్సరము పట్టును. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువులలో అన్నిటికంటె దీర్ఘకాలము చూలు మోయునది ఏనుగు. దానికి 22 మాసములు. నెలలు నిండిన చూలాలు లేవలేక కూర్చుండలేక ఆయాసపడునపుడు ఏనుగును దలచుకొని కొంత యోదార్పు పొందవచ్చును. అయితే ఈ మాసమున మేము సోదరీమణులకు పరిచయము చేయబోవు తల్లి యెదుట ఏనుగు సైతము ఓపికలేనిదే యగును. అది సముద్రములో వెలుగు చొరని లోతులందు జీవించుచు, తన పిల్లలను సుమారు 42 మాసములు, అనగా మూడున్నర సంవత్సరములు, కడుపులో మోయునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టియున్నారు.

అది యొక సొరచేప. ఆంగ్లమున దానిని ఫ్రిల్డ్ షార్క్ అందురు. తెలుగున దానికి వాడుక పేరు లేదు గనుక మేము దానిని కుచ్చుల సొర యని పిలిచెదము. ఈ పేరు మేము ఊరక పెట్టినది కాదు. సాధారణముగా సొరలకు మెడకు రెండు ప్రక్కలను అయిదేసి మొప్పచీలిక లుండును. దీనికి ఆరేసి కలవు. ఆ చీలికల యంచులు రవికె చేతులకు కుట్టిన కుచ్చులవలె ముడుతలు ముడుతలుగా వెలికి వచ్చియుండును. మొదటి చీలికలు రెండును గొంతు క్రిందుగా వచ్చి కలిసికొనుటచే మెడచుట్టును కుచ్చులపట్టీ కట్టినట్లు కనబడును. ఆడువారి అలంకారమును జ్ఞప్తికి దెచ్చు ఈ పేరే దానికి లోకమున స్థిరపడినది.

ఈ చేపను మొదట శాస్త్రలోకమునకు వర్ణించి చెప్పినవారు అమెరికాలోని హార్వర్డు విద్యాపీఠపు ప్రదర్శనశాలలో పనిచేసిన సామ్యూల్ గార్మన్ అను పండితుడు. అది 1884వ సంవత్సరము. ఆయనకు దొరకినది జపాను దేశమందలి సగామి అఖాతమున పట్టుబడిన, సుమారు మీటరున్నర పొడవుగల ఆడుసొర. ఆయన దానికి క్లామిడోసెలాకస్ అంగ్వినియస్ అని నామకరణము చేసెను. గ్రీకుభాషలో క్లామిస్ అనగా భుజముమీద వేసికొను ఉత్తరీయము. రెండవ పదమునకు పామువంటిది యని యర్థము. ఉత్తరీయము కప్పుకొన్న పామువంటి సొర యన్నమాట. జపాను జాలరులు దీనిని రబుకా యందురు. ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున దొరకునది వేరొక జాతియని 2009లో నిర్ణయింపబడుటచే, నేడు ఈ కుటుంబమున రెండు జాతులు గణింపబడుచున్నవి.

ఇది చాల ప్రాచీనమైన వంశము. భూమిమీద రాకాసిబల్లులు తిరుగుచుండిన కాలపు కడపటి భాగమునాటి రాళ్లలో దీని పూర్వుల పండ్లు దొరకినవి. హిమాలయములు లేచుటకు మునుపే, మనుష్యుడన్న మాట లేని కాలమునుండియే, ఈ కుచ్చులు సముద్రములో కదలుచున్నవి.

దీని యాకారమును వర్ణించెదము. ఆడుది మగదానికంటె పెద్దది. మిక్కిలి పెరిగినచో రెండు మీటర్లు పొడవుండును. మగది 1.7 మీటర్లవరకు పెరుగును. దేహము సన్నముగా, మలుగుచేప వలె సాగి, ముదురు గోధుమవన్నె గలిగియుండును. రెక్కలు చిన్నవి, వెన్నుమీది రెక్క ఒక్కటే, అదియు తోకకు దగ్గరగా వెనుకబడి యుండును. నోరు తక్కిన సొరలకువలె తలక్రింద గాక, ముందువైపునకు తెరచుకొనును. దవడలు పొడవై తల వెనుకవరకు పోవుటచే నోరు మిక్కిలి వెడల్పుగా తెరువగలదు. నోటిలో సుమారు 300 పండ్లు 25 వరుసలలో తీర్చియుండును. ఒక్కొక్క పంటికి మూడు మొనలు. శివుని త్రిశూలమును చిన్నదిచేసి లోపలివైపునకు వంచిన ట్లుండును. పట్టుబడిన ప్రాణి లోనికి జారవలసినదేగాని వెలికి రాలేదు.

దీని ముఖ్యాహారము మెత్తని దేహముగల కలమారీలు. పిదప చేపలును చిన్న సొరలును. 1.6 మీటర్ల పొడవుగల యొకదాని కడుపులో 590 గ్రాముల బరువుగల వేరొకజాతి సొర మింగబడి యుండుట జపాను శాస్త్రజ్ఞులు చూచిరి. అయినను వారు కోసి చూచిన కుచ్చుల సొరలలో అనేకముల కడుపులు ఖాళీగానే యుండెను. లోతు సముద్రమున దినదినము వడ్డించువారు లేరు. దొరకిననాడు పండుగ, దొరకనినాడు ఉపవాసము.

చాల చేపలకు కడుపులో గాలితిత్తి యొకటి యుండి వానిని నీటిలో తేలునట్లు చేయును. సొరలకు అది లేదు. అందుకు బదులుగా కుచ్చుల సొరకు మిక్కిలి పెద్ద కాలేయము గలదు. అందులో నీటికంటె తేలికయైన నూనె నిండియుండును. ఆ నూనెయే దానిని మునుగక తేలక, శ్రమలేకుండ నడినీట నిలుపును. ఆహారము తక్కువగా దొరకుచోట బలమును వృథా చేసికొనరాదు గదా! ఈ కాలేయపు నూనెను సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. మఱల దానిని గూర్చి చెప్పవలసి యున్నది.

ఇక చూలు సంగతి. చేపయనగా గ్రుడ్లు పెట్టునదియే యని మన మనుకొందుము. గోదావరికి ఎదురీది వచ్చు పులస లక్షలకొలది గ్రుడ్లను నీటిలో విడిచి తన దారిని తాను పోవును. సొరలలో చాలజాతులు ఇట్లు చేయవు, పిల్లలనే కనును. అందును రెండు పద్ధతు లున్నవి. మన తీరములందు దొరకు చిన్నసొరలలో ఒక జాతి గ్రుడ్డు ఆవగింజకంటె పెద్దది కాదు. అందు సొన లేనట్లే. కావున ఆ తల్లి గర్భములో మావి యేర్పడి, మనకువలెనే బొడ్డుత్రాడు ద్వారా బిడ్డకు ఆహారము నందించును. చేపకు మావియా యని ఆశ్చర్యపడవలదు. ఇది కండ్లార చూచిన విషయము.

కుచ్చుల సొరది రెండవ పద్ధతి. దీనికి మావి లేదు, బొడ్డుత్రాడు పోషణ లేదు. పెద్ద పచ్చసొనగల గ్రుడ్డు ఒక పలుచని యొరలో మూయబడి తల్లి గర్భమునకు దిగును. ఆ యొర జానెడుకంటె తక్కువ పొడవు. తల్లికి రెండు గర్భకోశము లున్నను కుడిదానియందే పిల్లలు పెరుగును. లోని పిండము 6 మొదలు 8 సెంటీమీటర్లు పొడవు వచ్చువరకు ఒరలోనే యుండి, పిదప దానిని విడుచును. ఆ వయస్సున దాని మొప్పలు వెలికి దారములవలె వ్రేలాడుచుండును. సొనసంచి దాని పొట్టకు అంటుకొనియే యుండి, పిల్ల సుమారు 40 సెంటీమీటర్ల పొడవు వచ్చువరకు ఇంచుమించుగా తఱుగక నిలిచి, పిదప తఱిగిపోవును. పుట్టునప్పటికి పిల్ల 40 మొదలు 60 సెంటీమీటర్ల పొడవుండును. అప్పటికే పండ్లు, కుచ్చులు, రెక్కలు అన్నియు సిద్ధముగా నుండును. పుట్టిన క్షణమునుండియే అది తన పొట్టను తానే పోసికొనవలెను. పురుడు పోయువారు లేరు, ఉగ్గు పెట్టువారు లేరు. తల్లి చేయవలసిన సాకుడంతయు కడుపులోనే జరిగిపోయినది.

ఒక్కొక్క కాన్పునకు పిల్లలు 2 మొదలు 15 వరకు నుందురు, సగటున 6.

ఈ 42 మాసములు ఎట్లు తెలిసెను? సముద్రములో అంతలోతున దిగి, ఒక తల్లికి మూడున్నరేండ్లు కాపలా యుండుట ఎవరికిని సాధ్యము కాదు. జపానులో ఫూజీ పర్వతము పాదమున సురుగా అఖాతము గలదు. ఆ దేశపు అఖాతములలో నదియే మిక్కిలి లోతైనది. దాని లోతు 2,500 మీటర్లు. అచ్చట రొయ్యలకై వేయు వలలలోను, అడుగున వేయు వలలలోను కుచ్చుల సొరలు అప్పుడప్పుడు చిక్కుచుండును. ఆ ప్రాంతపు శాస్త్రజ్ఞులు అట్లు చిక్కినవానిని సేకరించి, గర్భములోని పిండములను కొలిచి, వాని యెదుగుదలను పరిశీలించి, 1990లో తమ ఫలితములను ప్రకటించిరి. పిండము నెలకు సగటున 1.4 సెంటీమీటర్లు మాత్రమే పెరుగునని వారు కనుగొనిరి. 1.4ను 42తో గుణించి చూడుడు, 58.8 వచ్చును. నిండుగా పెరిగి పుట్టు పిల్ల పొడవు ఇంచుమించుగా నదియే. ఇంటి పద్దులు వ్రాసికొను ఏ గృహిణికైనను ఈ లెక్క బోధపడును. ఇది కొలతలనుండి కట్టిన అంచనాయే గాని గడియారము పెట్టి చూచినది కాదనియు గ్రహింపవలెను.

వారు మఱియొక విషయమును కనుగొనిరి. ఈ సొరలకు కాన్పుల ఋతువనునది లేదు. సంవత్సరములో ఏ మాసమున చూచినను చిన్నపిండము మోయునదియు, పెద్దపిండము మోయునదియు కనబడును. ఎండకాలము, వానకాలము అను భేదము లోతు నీటిలో అంతగా తెలియకపోవుట యిందుకు కారణమై యుండవచ్చును. చలి, చీకటి, ఆహారలేమి అచ్చట నిత్యములు. చల్లని నీటిలో రక్తము చల్లబడి జీవక్రియ మందగించును; తిండి తక్కువైన కొలది ఎదుగుదల మందగించును. సన్నని సెగమీద చాలసేపు కాగు పాలవలె, అచ్చట బ్రతుకంతయు నిదానముగానే సాగును. సురుగా అఖాతమున ఈ సొరలు 50 మొదలు 200 మీటర్ల లోతునకు పైకి వచ్చుటయు గలదు గాని, ఆగష్టు మొదలు నవంబరు వరకు 100 మీటర్ల లోతున నీరు 15 డిగ్రీలు మించి వెచ్చబడగానే అవి మఱల లోతులకు దిగిపోవును. మఱికొన్ని సముద్రములలో 1,000 మీటర్లకు మించిన లోతులందును అవి దొరకినవి.

ఇంతవరకు చెప్పినది వింత. ఇకమీద చెప్పునది మనకు సంబంధించిన సంగతి.

పులసవంటి చేపకు లక్ష గ్రుడ్లలో తొంబదితొమ్మిది వేలు నశించినను వంశము నిలుచును. కుచ్చుల సొరకు మూడున్నరేండ్లకు ఆరు పిల్లలు. ఆడుది 1.3 మొదలు 1.5 మీటర్ల పొడవు పెరిగినగాని తల్లి కానేరదు. ఒక తల్లి మూడేండ్లు మోసి, ఇక ఆరునెలలలో కనుననగా వలలో చిక్కినచో, ఆ యొక్క దినమున పోయినది ఒక చేప కాదు. మూడేండ్ల కష్టమును, ఆరు ప్రాణములును ఒక్కసారిగా పోయినవి. వడ్డీమీద బ్రతుకు కుటుంబము అసలును ముట్టుకొన్న ట్లగును.

మన తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున వానిని విడువవలెనని దాని యుద్దేశము. ఋతువును బట్టి కను చేపలకు ఇది మంచి యేర్పాటు. కాని కాన్పుల ఋతువే లేని తల్లికి, 42 మాసములు చూలు మోయు తల్లికి, రెండు మాసముల విరామము ఏమి చేయగలదు? లోతు సముద్రపు సొరలన్నిటికిని ఈ చిక్కు ఎక్కువగనో తక్కువగనో కలదు. వానిని రక్షింపవలెనన్నచో వేటను మాసములచేత గాక, లోతుచేత హద్దుపఱుపవలెను. ఐరోపా సమాఖ్యవారు ఈ సంగతి గ్రహించి, తమ జలములందు లోతు సముద్రపు సొరలను పట్టుటకు 2010 మొదలు అనుమతి సున్నచేసిరి. 2016లో 800 మీటర్లకు మించిన లోతున అడుగును ఈడ్చు వలలను నిషేధించిరి.

కుచ్చుల సొర యిప్పటికిప్పుడు నశించిపోవుచున్నదని చెప్పుట సత్యము కాదు. అది అనేక సముద్రములందు వ్యాపించి యున్నది. దాని నివాసములలో కొంతభాగము వలలు అందని లోతున నున్నది. అందుచే అంతర్జాతీయపు పట్టికలలో దానికి తక్షణాపాయము చెప్పబడలేదు. జాలరులకు సైతము దానిపై ఆశ లేదు. వలలు చించునను విసుగే యున్నది. అయితే దాని చుట్టము లంత యదృష్టవంతములు కావు. గల్పరు సొరలని పిలువబడు జాతులు కొన్ని కలవు. అవియు లోతునందే వసించును, అవియు నిదానముగానే పెరుగును. వానిలో కొన్నిటికి కాన్పునకు ఒకటి రెండు పిల్లలే. వాని నపాయమునకు గురిచేసినది పైన మేము గుర్తుంచుకొనుమన్న కాలేయపు నూనెయే.

ఈ నూనెకథ చాలకాలముది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఐరోపానుండి కాడ్ చేప నూనె మన దేశమునకు వచ్చుట నిలిచిపోయెను. ఏ విటమినుకై అలమటించు పిల్లలకు దానికి బదులుగా సొర కాలేయపు నూనెను తీసి, కోజికోడు మొదలగు పడమటితీరపు పట్టణములందలి కర్మాగారములు పంపిణీ చేసినవి. ముక్కు మూసికొని చెంచాడు నూనె మింగిన పిల్లలు ఆ తరములో ఎందఱో. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున అదేకాలమున ఈ నూనెకై ఒక జాతి సొరను విపరీతముగా పట్టుటచే, కొలది సంవత్సరములలోనే ఆ వేట పాడుపడిపోయెను. 1947లో స్విట్జర్లండు రసాయనశాస్త్రజ్ఞులు ఏ విటమినును కృత్రిమముగా తయారుచేయుటతో సొరలకు కొంత యూరట కలిగినది.

ఆ యూరట చిరకాలము నిలువలేదు. సొర కాలేయపు నూనెలో స్క్వాలీన్ అను పదార్థము గలదు. దానిని 1906లో జపాను రసాయనశాస్త్రజ్ఞుడు మిత్సుమారు సుజిమోటో కనుగొని, 1916లో సొరల లాటిను నామమును బట్టియే దానికి ఆ పేరు పెట్టెను. అది చర్మమునకు జిడ్డు తెలియనీయక మెత్తదనము నిచ్చును. మన చర్మమునుండి ఊరు సహజమైన జిడ్డునందును అది కొంత యుండుటయే యిందుకు కారణము. దానిని మఱికొంత శుద్ధిచేసి, చెడకుండునట్లు మార్చినచో స్క్వాలేన్ అగును. ముఖమునకు పూయు క్రీములలో, పెదవులకు పూయు రంగులలో, కొన్ని మాత్రలలో ఇది చేర్చబడుచు వచ్చినది. లోతు సముద్రపు సొరల కాలేయము వాని బరువులో నాలుగవవంతు వరకు నుండవచ్చును గనుక వేటకాండ్ర చూపు వానిమీద బడినది. మన దేశమున కొచ్చి రేవునుండి పోవు పడవలును ఈ నూనెకై గల్పరు సొరలను వేటాడినవి. 2024లో ప్రకటింపబడిన యొక ప్రపంచ పరిశీలనలో, లోతు సముద్రపు సొరలును తిరికెచేపలును కలిపి చూడగా ఏడు జాతులలో ఒకటి అంతరించు ప్రమాదములో నున్నదనియు, అట్లు ప్రమాదములో నున్నవానిలో ఇంచుమించుగా మూడింట రెండువంతులు కాలేయపు నూనె వర్తకమునకు గురియైనవే యనియు తేలినది.

కనుక వెలుగు చొరని ఆ లోతునకును మన అద్దముముందరి సీసాకును నడుమ ఒక త్రాడు కలదని సోదరీమణులు గ్రహింపవలెను. ఆ త్రాడు తెగగొట్టుట కష్టమును కాదు. స్క్వాలీన్ సొరలయందే గాక ఒలీవనూనెయందును, తోటకూరజాతి గింజల నూనెయందును గలదు. చెఱకు పంచదారను పులియబెట్టియు నేడు స్క్వాలేన్ చేయుచున్నారు. 2008లోనే ఐరోపాలోని కొన్ని పెద్ద వ్యాపారసంస్థలు సొరనూనెను విడిచి మొక్కల నూనెకు మాఱెదమని ప్రకటించినవి. సీసామీద స్క్వాలీన్ లేక స్క్వాలేన్ అని యుండి, అది మొక్కలనుండి తీసినదని వ్రాయబడనియెడల, అంగడివానిని అడుగుడు. సంస్థకు ఒక ఉత్తరము వ్రాయుడు. వ్రాసినవారి సంఖ్య పెరిగినకొలది సమాధానము త్వరగా వచ్చును. కొబ్బరినూనెతోను, మీగడతోను, సున్నిపిండితోను మన పెద్దలు చర్మమును కాపాడుకొనిన సంగతియు మఱువరాదు.

ఇంకొక రెండు మాటలు ఆరోగ్యమును గూర్చి చెప్పుట మా విధి. కాలేయపు నూనెలలో ఏ విటమిను మిక్కుటముగా నుండవచ్చును. అది మితిమీరినచో కడుపులోని శిశువునకు హాని. కావున గర్భిణులు వైద్యుల యనుమతిలేక అట్టి మాత్రలను మింగరాదు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, పాలు, గ్రుడ్లు చాలినంత పోషణ నిచ్చును. తీరప్రాంతములందు బాలింతకు పాలుపడునని పాలసొర వండిపెట్టు ఆచారము గలదు. అవి చిన్న సొరలు. పెద్దసొరల మాంసమునందు పాదరసము పేరుకొని యుండును గనుక వానిని గర్భిణులును, పాలిచ్చు తల్లులును భుజింపకుండుట మేలు. ఇక టీకాల సంగతి. కొన్ని ఫ్లూ టీకాలలో స్క్వాలీన్ కొలదిపాటి చేర్చబడుచున్నది. ఈ వ్యాసము చదివి ఎవరును టీకా మానుకొనవలదు. ప్రాణరక్షణకు పట్టు నొక చుక్క వేఱు, సొగసునకు పట్టు కడవలు వేఱు.

2017లో పోర్చుగలు దక్షిణతీరమున, 700 మీటర్ల లోతునుండి ఒక కుచ్చుల సొర వలలో వచ్చినది. పనికిరాని చేపలు వలలో పడకుండ జేయుటెట్లని పరిశోధించు యాత్రయందే అది చిక్కుట విచిత్రము. వార్తాపత్రికలు దానిని రాక్షసి యని వర్ణించినవి. పండ్లు చూచినవారు అట్లే యందురు. కాని 2004లో అమెరికా ఆగ్నేయతీరమున శాస్త్రజ్ఞులు జలాంతర్యానములో దిగి, అది తన స్వస్థానమున తిరుగుచుండగా చిత్రము తీసిరి. అచ్చట అది ఎవరి జోలికిని పోని ప్రాణి. మనుష్యుడు దాని యిల్లు చొచ్చినాడే గాని, అది మనుష్యుని యిల్లు చొచ్చినది కాదు.

తొమ్మిది మాసములు మోసిన తల్లికే చూలు బరువు తెలియును. ఆ బరువును 42 మాసములు చీకటిలో, చలిలో, అరకొర తిండితో మోయు తల్లి యొకతె యున్నదని తెలిసిన పిమ్మట, ఆమెను రాక్షసి యనుటకు మన నోరు రాదు. ఆమె చుట్టముల కాలేయమును మన ముఖమునకు పూసికొనుటకు చేయియు రాకుండుగాక. వచ్చు పర్యాయము అంగడికి పోవునపుడు సీసా వెనుకవైపు వ్రాత నొకపరి చదువుడని మాత్రమే మా మనవి.